సూక్ష్మజీవి ఇంట్లో ఉమ్మడి పెత్తనం

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కాపెల్‌లో మనం జరుపుకుంటున్న ఈ ఉత్సవంలో పాటకూ పద్యానికీ నడుమ ఒక శాస్త్ర విషయం చెప్పడానికి మాకు అవకాశం ఇచ్చినందుకు కార్యవర్గానికి కృతజ్ఞతలు. ముందుగా ఒక మనవి. మాది ఇంట్లో పుట్టి పెరిగిన తెలుగు కాదు. మా తాతగారు విశాఖపట్నం జిల్లా నుండి నేటాలు చెరకు తోటలకు కూలికి వెళ్ళినవారు. మూడవ తరం వచ్చేసరికి మా ఇంట తెలుగు పండుగల్లో, పాటల్లో, వంటింట్లో మిగిలింది గాని నోటి మాటలో మిగలలేదు. పెద్దయ్యాక సాయంకాలపు తరగతిలో కూర్చుని దీనిని నేర్చుకున్నాము. కనుక భాషలో తప్పులు దొర్లితే మన్నించండి. విషయంలో మాత్రం తప్పు రాకుండా శ్రద్ధ తీసుకున్నాము. బడిపంతులు వృత్తి నేర్పిన అలవాటు అది.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నామో చెప్పాలి. నిరుడు మా తరగతిలో హైస్కూలు చదివే ఒక అమ్మాయి, "మాస్టారూ, బడిలో బాక్టీరియా జన్యువుల గురించి చెబుతున్నారు. అదే మా అమ్మమ్మకు ఫోనులో తెలుగులో చెప్పబోతే ఒక్క వాక్యం కూడా రాలేదు. మీరు చెప్పగలరా?" అని అడిగింది. మేము చెప్పబోయాము. రెండు మాటలు తెలుగులో, ఇరవై మాటలు ఇంగ్లీషులో వచ్చాయి. ఆ పిల్ల నవ్వి, "అయితే తెలుగు పాటలకే అన్నమాట," అంది. కోపంతో అన్నది కాదు. అయినా ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. ఆ అమ్మాయికి ఇవ్వలేకపోయిన సమాధానమే ఈనాటి ఈ ప్రసంగం.

వంటింటి నుంచే మొదలుపెడదాం. రాత్రి పాలు కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు చెంచాడు తోడు వేస్తాము. చలికాలం ఇక్కడ గిన్నెను ఓవెన్‌లో పెట్టి, లోపలి దీపం వెలిగించి వదిలేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. తెల్లవారేసరికి పెరుగు. ఆ చెంచాడు తోడులో కోట్లాది సూక్ష్మజీవులు ఉన్నాయి. వాటికి కళ్ళు లేవు, మెదడు లేదు. అయినా తాము పాలలో పడ్డామని, ఇక్కడ ఫలానా చక్కెర ఉందని, దానిని తినే పనిముట్లు బయటికి తీయాలని వాటికి తెలుస్తుంది. ఎలా తెలుస్తుంది? ప్రశ్న అదే.

శాస్త్రజ్ఞులు దీనిని పెరుగు బాక్టీరియాలో కంటె ముందుగా మన పేగుల్లో ఉండే ఈ. కోలి అనే సూక్ష్మజీవిలో పట్టుకున్నారు. దాని పొడవు సుమారు 2 మైక్రానులు, అంటే మిల్లీమీటరులో ఐదువందల వంతు. అంత చిన్న ఒంట్లో దాని డి.ఎన్.ఏ. పోగును సాగదీస్తే ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే ఇంటి కంటె ఏడువందల రెట్లు పొడుగైన తాడును ఆ ఇంట్లోనే చుట్టి పెట్టినట్లు. 1997లో ఆ తాడు మీది రాత అంతటినీ చదివారు. సుమారు 46 లక్షల అక్షరాలు, ప్రోటీనులు చేసే జన్యువులు 4,288 అని అప్పుడు లెక్క వేశారు.

జన్యువు అంటే ఒక ప్రోటీను తయారుచేసే విధానం రాసి ఉన్న పుట అనుకోండి. పుట ఉన్నంత మాత్రాన వంట కాదు. ఒక లేఖరి వచ్చి ఆ పుటకు నకలు రాయాలి, ఆ నకలు చూసి ప్రోటీను చేయాలి. ఆ లేఖరి పేరు ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్. నాలుగువేల పుటలకూ ఒకేసారి నకళ్ళు రాస్తూ కూర్చుంటే ఆ చిన్న జీవి శక్తి అంతా అక్కడే కరిగిపోతుంది. మంచి ఆహారం ఉన్నచోట 20 నిమిషాలకు ఒకసారి రెండుగా చీలే జీవి అది. దుబారా చేసినది వెనకబడుతుంది. కనుక ఏ పుట ఎప్పుడు తెరవాలి, ఏది మూసి ఉంచాలి అన్నదే దానికి బ్రతుకు సమస్య.

ఈ కథకు మొదటి ఆధారం 1941లో ప్యారిస్ నగరంలో దొరికింది. జాక్ మోనో అనే యువకుడు తన పరిశోధన గ్రంథం కోసం బాక్టీరియాకు ఒకేసారి రెండు రకాల చక్కెరలు పెట్టి చూశాడు. అవి రెండింటినీ కలిపి తినలేదు. ముందు గ్లూకోజు తిని పెరిగాయి. అది అయిపోగానే పెరుగుదల ఆగింది. కొంతసేపు అలా నిలిచిపోయి, తరువాత రెండవ చక్కెర తింటూ మళ్ళీ పెరిగాయి. గీత గీస్తే రెండు మెట్లు, నడుమ ఒక చదును కనబడ్డాయి. ఆ చదును సమయంలో లోపల ఏం జరుగుతున్నది? ఆ ప్రశ్న మీద తరువాత ఎందరో పనిచేశారు. జన్యువులకు తాళం వేసే ప్రోటీనులు ఉంటాయని చూపినందుకు మోనోకు, ఫ్రాన్స్వా జాకబ్‌కు, ఆండ్రే ల్వోఫ్‌కు 1965లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ మనవాడు ఒకరు తగులుతారు. భీమవరంలో 1895లో పుట్టి, ఈ దేశానికి వచ్చి, 1948లో ఇక్కడే కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీకు తెలుసు. ఆయన హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని కండరంలో గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం గుర్తించాడు. ప్రతి జీవకణంలోనూ శక్తికి నాణెంలా చెలామణి అయ్యేది అదే. ఆ నాణెం నుండి రెండు ఫాస్ఫేటులు ఊడదీసి, మిగిలినదానిని ఉంగరంలా వంచితే సైక్లిక్ ఏ.ఎం.పి. అనే చిన్న అణువు అవుతుంది. ఎర్ల్ సదర్లాండ్ దానిని 1950ల చివర జంతువుల కాలేయంలో కనుగొన్నాడు, 1971లో నోబెల్ అందుకున్నాడు. 1965లో ఆయనే మరొకరితో కలిసి చూపిన సంగతి మన కథకు ముఖ్యం: ఈ. కోలిలో కూడా ఆ అణువు ఉంది. గ్లూకోజు దొరికినప్పుడు అది తగ్గుతుంది, గ్లూకోజు అయిపోతే పెరుగుతుంది.

ఎందుకు పెరుగుతుందో చూడండి, ఎంత పొదుపైన ఏర్పాటో తెలుస్తుంది. గ్లూకోజు గుమ్మం దాటి లోపలికి వచ్చేటప్పుడు అక్కడి ప్రోటీనులు దాని చేతిలో ఒక ఫాస్ఫేటు పెట్టి పంపుతాయి. గ్లూకోజు రాకపోతే ఆ ఫాస్ఫేటు ఇచ్చే చేతిలోనే మిగిలిపోతుంది. అలా ఫాస్ఫేటు మిగిలిన ప్రోటీను వెళ్ళి సైక్లిక్ ఏ.ఎం.పి. చేసే ఎంజైమును ఉసికొల్పుతుంది. అంటే "చక్కెర లేదు" అని కబురు చెప్పడానికి వేరే మనిషిని పెట్టలేదు. పంచిపెట్టడానికి తెచ్చిన ప్రసాదం పళ్ళెంలో మిగిలిపోతే, ఎవరూ రాలేదని తెలిసిపోయినట్లే.

కబురు పుట్టింది. వినేవారు ఎవరు? 1970లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా ఒక ప్రోటీనును పట్టుకున్నాయి. దాని పేరు సి.ఆర్.పి. సైక్లిక్ ఏ.ఎం.పి. వచ్చి అతుక్కోగానే ఆ ప్రోటీను ఆకారం కొద్దిగా మారుతుంది. మారిన ఆకారంతో అది డి.ఎన్.ఏ. తాడు మీద తనకు సరిపడే గుర్తులను వెతికి పట్టుకుంటుంది. పట్టుకున్నచోట తాడును బాగా వంచుతుంది, లేఖరిని పిలిచి పక్కన కూర్చోబెడుతుంది. ఆ గుర్తు తాడు మీద ఒక్కచోట కాదు, ఎన్నో చోట్ల ఉంది. పాలచక్కెర తినే జన్యువుల ముందు ఉంది, అరబినోజు అనే చక్కెర తినే జన్యువుల ముందు ఉంది, ఈదడానికి తోక తయారుచేసే జన్యువుల పైన కూడా దాని అజమాయిషీ ఉంది. మొత్తం మీద రెండు వందలకు పైగా జన్యువులు ఆ ఒక్క ప్రోటీను మాట వింటాయి.

ఇటువంటి ప్రోటీనులను ఇంగ్లీషులో పిలిచే పేరును మాటకు మాట తెలుగు చేస్తే "ప్రపంచ నియంత్రకం" అని వస్తుంది. అది వినడానికి ఏదో ఐక్యరాజ్య సమితి కార్యాలయంలా ఉంది. మేము తరగతిలో చర్చించి "ఉమ్మడి నియంత్రకం" అని పెట్టుకున్నాము. ఉమ్మడి కుటుంబంలో పెద్దావిడ "ఈ నెల చేతిలో డబ్బు లేదు" అని ఒక్క మాట అంటుంది. పాలవాడికి ఎంత చెప్పాలో, పిల్లలకు కొత్త బట్టలు ఎప్పుడు కుట్టించాలో, చుట్టాలను ఎప్పుడు పిలవాలో ఎవరికి వారు సర్దుకుంటారు. గది గదికీ వెళ్ళి చెప్పనక్కరలేదు. పండితులు ఇంతకంటె మంచి మాట చెబితే సంతోషంగా మార్చుకుంటాము.

అయితే ఒక్క పెద్దావిడ మాట చాలునా? చాలదు. పాలచక్కెర జన్యువులకు రెండు తాళాలు ఉన్నాయి. మొదటిది ఉమ్మడి తాళం: గ్లూకోజు అయిపోయి, సి.ఆర్.పి. వచ్చి కూర్చోవాలి. రెండవది సొంత తాళం: పాలచక్కెర నిజంగా అందుబాటులో ఉంటేనే, ఆ జన్యువుల మీద అడ్డంగా కూర్చున్న మరొక ప్రోటీను లేచి పోతుంది. గ్లూకోజు లేదు, పాలచక్కెర కూడా లేదు అంటే పుట తెరవదు. పాలచక్కెర ఉంది, గ్లూకోజు కూడా నిండుగా ఉంది అంటే బాగా తెరవదు. రెండు మాటలూ కలిసినప్పుడే లేఖరి జోరుగా రాస్తాడు. ఇంటి మొత్తం పరిస్థితి చెప్పేది ఒకటి, ఆ గదిలోని అవసరం చెప్పేది మరొకటి. మోనో గీసిన గీతలో ఆ చదును భాగం ఈ తాళాలు తెరిచి, కొత్త పనిముట్లు చేసుకునే వ్యవధి.

సి.ఆర్.పి. ఒక్కటే కాదు. 2003లో మెక్సికోలో ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఈ. కోలి గురించి అప్పటిదాకా తెలిసిన సంబంధాలన్నీ లెక్క వేసి, ఏడు ప్రోటీనులు కలిసి ఆ లెక్కలోకి వచ్చిన జన్యువులలో సుమారు సగానికి పెత్తనం చేస్తున్నాయని చూపారు. వాటిలో ఒకటి ఎఫ్.ఎన్.ఆర్. దాని ఒంట్లో ఇనుము, గంధకం కలిసిన చిన్న ముద్ద ఉంటుంది. ప్రాణవాయువు తగిలితే ఆ ముద్ద చెదిరిపోతుంది, ప్రోటీను డి.ఎన్.ఏ.ను వదిలేస్తుంది. ప్రాణవాయువు లేని పేగు లోతుల్లో ముద్ద నిలిచి ఉంటుంది, అక్కడ బ్రతకడానికి కావలసిన జన్యువులు తెరుచుకుంటాయి. ఇక్కడ కూడా ఆ ప్రోటీను చదివేది ఒక్క సంకేతాన్నే, కదిపేది మాత్రం ఎన్నో పుటలను.

ఉప్పు సంగతి చెప్పాలంటే హైదరాబాదు వెళ్ళాలి. ఉప్పు పడితే ఊరగాయ ఎందుకు చెడదో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఉప్పు నీటిని లాగేస్తుంది, సూక్ష్మజీవి ఎండిపోతుంది. ఆవకాయలో ఉన్నంత ఉప్పును ఈ. కోలి తట్టుకోలేదు గాని, మితమైన ఉప్పులో పడితే తనను కాపాడుకోవడానికి ఉపాయాలు ఉన్నాయి. ముందు పొటాషియం లోపలికి లాక్కుంటుంది. తరువాత ప్రోలీను, బీటైను వంటి పదార్థాలను పోగుచేసుకుంటుంది. అవి నీటిని లోపల పట్టి ఉంచుతాయి, కణం పనికి అడ్డు రావు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. అనే కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో జె. గౌరీశంకర్ గారు ఉప్పుకు మేల్కొనే జన్యువులను వెతికి 1985లో ప్రచురించారు, ప్రో-యు అనే జన్యువుల రాతను చదివి 1989లో ప్రచురించారు. ఉప్పు తగలగానే ప్రో-యు పని వంద రెట్లకు పైగా పెరుగుతుంది. ఉప్పు లేనప్పుడు దానిని అణచి ఉంచేది హెచ్-ఎన్.ఎస్. అనే ప్రోటీను. అదీ ఉమ్మడి నియంత్రకమే, ఎన్నో జన్యువుల మీద దుప్పటి కప్పినట్లు పరుచుకుని ఉంటుంది.

ఆ దుప్పటికి ఇంకొక పని ఉందని 2006లో సాల్మొనెల్లా మీద చేసిన పరిశోధనలు చూపాయి. టైఫాయిడు తెచ్చే జాతికి చెందిన సూక్ష్మజీవి అది. సూక్ష్మజీవులు ఒకదానినుండి ఒకటి జన్యువులు పుచ్చుకుంటాయి. అలా బయటినుండి వచ్చిన జన్యువులను హెచ్-ఎన్.ఎస్. గుర్తుపట్టి, వెంటనే పని మొదలుపెట్టనీయకుండా నోరు మూయించి ఉంచుతుంది. వాటిలో రోగం తెచ్చే ఆయుధాలూ ఉన్నాయి. తగిన చోటు, తగిన సమయం వచ్చినప్పుడు ఇతర ప్రోటీనులు ఆ దుప్పటిని తొలగిస్తాయి. జన్యువు పోలేదు, మౌనంగా ఉంది. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఆకలి గురించి. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజాము మన టెక్సాసులో ఉన్నవారు మరచిపోలేరు. మంచు, గడ్డకట్టే చలి, విద్యుత్తు వాడకం పెరిగింది, ఉత్పత్తి కేంద్రాలు ఒకటొకటిగా ఆగాయి. సెకనుకు 60 ఉండవలసిన విద్యుత్ ఆవర్తనం 59.3 దాకా జారింది. జాలాన్ని నడిపేవారు చూసింది ముఖ్యంగా ఆ ఒక్క అంకెను. ఇంకొన్ని నిమిషాలు అలాగే ఉంటే రాష్ట్రంలో అధిక భాగానికి విద్యుత్తు అందించే జాలమంతా ఒక్కసారిగా కూలేదని తరువాత చెప్పారు. అందుకని లక్షల ఇళ్ళ దీపాలు ఆర్పవలసి వచ్చింది. మన ఇళ్ళలో పడిన బాధ, పోయిన ప్రాణాలు చిన్నవి కావు. ఆ రాత్రి మంచిదని మేము అనడం లేదు. ఒక్క సంకేతం చూసి మొత్తం వాడకాన్ని తగ్గించడం అంటే ఏమిటో మాత్రం మనకు అనుభవంలో తెలిసింది.

సూక్ష్మజీవి ఆ పని ఎప్పుడూ చేస్తూనే ఉంటుంది. ప్రోటీను కట్టడానికి కావలసిన అమైనో ఆమ్లాలు కరువైతే, ప్రోటీనులు అల్లే యంత్రమైన రైబోసోమ్ వట్టి చేతులతో ఆగిపోతుంది. దానిని కనిపెట్టుకుని ఉండే ఒక ఎంజైము వెంటనే పి.పి.జి.పి.పి. అనే చిన్న అణువును చేస్తుంది. 1969లో మైకేల్ కాషెల్, జోనాథన్ గాలంట్ దానిని మొదట కాగితం మీద మచ్చలుగా చూసి "మాయ మచ్చలు" అని పేరు పెట్టారు. అది ప్రోటీను కాదు, కాని డి.కె.ఎస్.ఏ. అనే ప్రోటీను తోడుతో నేరుగా లేఖరి మీదనే చేయి వేస్తుంది. కొత్త రైబోసోములు కట్టే ఖరీదైన పని ఆగిపోతుంది. అమైనో ఆమ్లాలు సొంతంగా చేసుకునే జన్యువులు తెరుచుకుంటాయి. ఇంటి కొత్త గది కట్టడం ఆపి, పెరట్లో కూరగాయలు వేసుకున్నట్లు.

ఇందులో మన ఆరోగ్యానికి సంబంధించిన మాట ఒకటి ఉంది. 1944లో జోసెఫ్ బిగ్గర్ అనే వైద్యుడు, పెన్సిలిన్ పోసినా కొద్దిపాటి బాక్టీరియా చావకుండా మిగలడం చూశాడు. అవి మందుకు ఎదురు తిరిగినవి కావు. వాటి సంతానానికి మళ్ళీ పెన్సిలిన్ పోస్తే మామూలుగానే చచ్చాయి. మందు తగిలిన వేళ అవి ఎదుగుదల మానుకుని, నిద్రపోతున్నట్లు ఉన్నాయి. పెన్సిలిన్ ఎదిగే జీవినే చంపుతుంది. ఈ నిద్రలో పైన చెప్పిన ఆకలి సంకేతానికి పాత్ర ఎంత అన్నదాని మీద శాస్త్రజ్ఞుల నడుమ ఇంకా వాదం నడుస్తోంది. కాని నిద్రపోయేవి ఉన్నాయన్నది నిజం. జ్వరం తగ్గింది కదా అని మందు మనంతట మనమే ఆపకుండా, వైద్యుడు చెప్పినట్లే వాడాలి, వైద్యుడు చెప్పకుండా మొదలు పెట్టనూ కూడదు.

చివరి ఉదాహరణ మన అన్నం పళ్ళెంలోది. బాపట్లలో తయారై 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే మనవాళ్ళు బి.పి.టి. అని పిలిచే సన్నబియ్యం, రుచికి పేరు పొందింది. కాని ఆ పైరుకు బాక్టీరియా ఎండాకు తెగులు బెడద ఎక్కువ. ఆకు అంచుల నుండి పసుపు పచ్చగా, ఆపై గడ్డిలా ఎండిపోతుంది. తెచ్చేది జాంథోమోనాస్ ఒరైజే అనే సూక్ష్మజీవి. ఈ జాతి సూక్ష్మజీవులు ఒక రకం కొవ్వు ఆమ్లాన్ని బయటికి వదులుతాయి. గుంపు పెరిగేకొద్దీ ఆ పదార్థం చుట్టూ చిక్కబడుతుంది. "మనం తగినంత మంది అయ్యాము" అన్న కబురు అదే. 2002లో సి.సి.ఎం.బి.లో సుభదీప్ చటర్జీ, రమేశ్ సొంటి గార్లు, ఆ కబురుకు సంబంధించిన ఒక జన్యువును చెడగొడితే వరి తెగులు సూక్ష్మజీవి రోగం తెచ్చే బలం కోల్పోతుందని, ఇనుము తక్కువైనచోట సరిగా పెరగలేకపోతుందని చూపారు.

క్యాబేజీ తెగులు తెచ్చే దీని దగ్గరి బంధువులో తరువాతి మెట్టు కూడా తెలిసింది. అక్కడ పెత్తనం సి.ఎల్.పి. అనే ప్రోటీనుది. అది మన సి.ఆర్.పి.కి చుట్టమే. కాని దానికి అతుక్కునే చిన్న అణువు వేరు, పని తలకిందులు: ఆ అణువు అతుక్కుని ఉన్నంతసేపు సి.ఎల్.పి. డి.ఎన్.ఏ.ను పట్టుకోలేదు. గుంపు పెరిగిందన్న కబురు అందాక ఆ అణువు తగ్గుతుంది, సి.ఎల్.పి. విడుదలై జన్యువులను పట్టుకుంటుంది, ఆకును కరిగించే ఎంజైములు ఒక్కసారిగా బయటికి వస్తాయి. ఒకే నమూనా ప్రోటీను ఒక జీవిలో ఆకలి వింటుంది, మరొక జీవిలో గుంపు బలం వింటుంది. ప్రకృతి పాత చెంబుకే కొత్త మూత పెట్టి వాడుకుంటుంది.

రైతుకు మాత్రం ఈ కథ చాలదు, పంట నిలవాలి. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సి.సి.ఎం.బి. కలిసి సాంబ మసూరిలోకి తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకరం ద్వారా తెచ్చి, మెరుగుపరచిన సాంబ మసూరిని తయారుచేశాయి. అది 2008లో విడుదలైంది. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికా అడవి వరి నుండి వచ్చింది. ఒకవైపు సూక్ష్మజీవి ఎప్పుడు దాడి చేయాలో ఎలా నిశ్చయిస్తుందని అడిగారు, మరొకవైపు వరి ఎలా తట్టుకోవాలని అడిగారు. రెండు పనులూ ఒకే ఊళ్ళో సాగాయి.

ఇక ముగిస్తాము. ఈ పోలికలన్నీ పిల్లలకు అర్థం కావడానికి చెప్పినవి. సూక్ష్మజీవిలో పెద్దావిడ లేదు, లేఖరి లేడు, ఆలోచన లేదు. ఉన్నవి ఆకారాలు మాత్రమే. ఒక చిన్న అణువు అతుక్కుంటే ఒక పెద్ద అణువు ఆకారం మారుతుంది, ఆ మార్పు వందల చోట్ల తగులుతుంది. అలా సరిగా తగిలిన ఏర్పాటు ఉన్న జీవి నిలిచింది, లేనిది పోయింది. మనుషులకు దీనినుండి నీతి వాక్యం తీయడం శాస్త్రం పని కాదని మాకు తెలుసు.

అయినా ఈ వయసులో మా మనసు ఒక్కచోట ఆగుతుంది. తెరవని పుట చిరిగిన పుట కాదు. మా ఇంట రెండు తరాలు తెలుగు మాట్లాడడం తగ్గించినది సిగ్గుపడి కాదు, అక్కడ పనికి, బడికి, కొట్టుకు మరొక భాష కావలసి వచ్చింది. ఆ ఇంటి పరిస్థితి అటువంటిది. ఇక్కడ కాపెల్‌లో మన పిల్లల ఇంటి పరిస్థితి వేరు. ఇంట్లో వాడుక అనే ఉమ్మడి మాట ఉంది. పిల్లకు తానుగా అడగాలనిపించే అవసరం అనే సొంత మాట కూడా కావాలి. రెండూ కలవాలి. పండుగ రోజున వేదిక మీద పద్యం చెప్పించి ఊరుకుంటే మొదటి తాళం ఒక్కటే తీసినట్లు. బడిలో చదివిన పాఠాన్ని, ఆసుపత్రిలో విన్న మాటను, వార్తల్లో చూసిన సంగతిని తెలుగులో అడగనిద్దాం. మాట దొరకనిచోట ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాసుకుందాం, సిగ్గు లేదు. జన్యువు, కణం అన్న మాటలు కూడా ఎవరో ఒకనాడు కొత్తగా వాడగా వాడగానే మనవి అయ్యాయి.

ఆ అమ్మాయి ఈ సభలో మూడవ వరుసలో కూర్చుంది. ఈ ప్రసంగం రాసిన కాగితాలు ముందుగా ఆమెకే ఇచ్చాము. వాళ్ళ అమ్మమ్మకు ఫోనులో చదివి వినిపించిందట. ఆమె అంతా విని, "అయితే తోడు వేసిన గిన్నెను కదపకూడదని మా అత్తగారు ఎందుకు అనేదో కూడా మీ మాస్టారిని అడుగు," అన్నారట. ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుతున్నాము. వచ్చే ఏడు చెబుతాము.